తగాదాలు శూన్యం

మా ఊటపాడు ప్రాథమిక పాఠశాలలో పిల్లలు ఇరవై ముగ్గురు, టీచర్లం ఇద్దరం. ఒకటి, రెండు తరగతులు భ్రమరాంబ టీచరువి. మిగతా మూడూ నావి. నన్ను వీర్రాజు మాస్టారంటారు. ఇరవై ఏళ్లుగా మా బడి పేరు పై అధికారుల నోటి వెంట రాలేదు. అలా రాకుండా మేమిద్దరం చాలా శ్రద్ధ తీసుకున్నాం. ఒక్కసారే ఏమరుపాటు జరిగింది. అది కిందటి జూలైలో.

ఆ నెలలో మండల కేంద్రంలో టీచర్లందరికీ ఒక సమావేశం పెట్టారు. "చిన్నారుల సామాజిక వికాసమునకు ఆటలు దోహదపడు తీరుపై ఉపాధ్యాయుల అభిప్రాయ సేకరణ" అని దాని పేరు. సేకరించడానికి వచ్చినాయన త్రివిక్రమరావు గారు. జిల్లాలో కొత్తగా పెట్టిన ఆటల విభాగానికి ఆయన సమన్వయాధికారి. చొక్కా ఇస్త్రీ మడత చెదరకుండా కుర్చీలో కూర్చోగల మనిషిని నేను ఆయన్నే చూశాను.

"ఆట అనునది ఆట కాదు," అన్నారాయన మైకు పట్టుకుని. "అది ఒక ప్రక్రియ. ప్రక్రియకు ఫలితము ఉండవలెను. ఫలితమునకు కొలత ఉండవలెను. కొలత లేని ఆటను మనం ఇంతకాలం పిల్లల చేత ఆడించాం. ఇది విచారకరం."

గంటసేపు విచారించాక, ఇక మీ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పమన్నారు. ఒక్కొక్కరే లేచి "చాలా బాగుందండి" అని కూర్చున్నారు. అలా ఎనభై మూడు మంది స్వేచ్ఛగా చెప్పారు. నేనూ చెప్పాను. తరవాత భ్రమరాంబ టీచరు లేచింది.

ఆవిడ తప్పుడు మనిషి కాదు. అడిగితే ఉన్నమాట చెప్పే అలవాటు, అంతే.

"పిల్లలు ఆడుకుంటే తగాదా పడతారండి. కాసేపు ఏడుస్తారు. మళ్లీ వాళ్లే కలిసిపోతారు. అలా కలిసిపోవడవే వాళ్లు నేర్చుకునేదండి. అంతకన్నా నాకేం తెలీదండి."

నేను గొంతు సవరించుకున్నాను. ఆవిడ నావైపు చూడలేదు. త్రివిక్రమరావు గారు మాత్రం కలం తీశారు. "మళ్లీ ఒకసారి చెప్పండమ్మా," అన్నారు. చెప్పింది. ఆయన రాసుకున్నారు. పేరు, బడి పేరు కూడా రాసుకున్నారు. భోజనాల దగ్గర నేను ఆవిడతో ఏమీ అనలేదు. అనడానికి అప్పటికి వేళ మించిపోయింది.

మూడు వారాలకు జిల్లా అంతటికీ ఉత్తర్వు వచ్చింది. "ఉపాధ్యాయుల నుండి సేకరించిన అమూల్య అభిప్రాయముల ఆధారముగా తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టి, తగాదా పడి రాజీపడుటయే సామాజిక వికాసమని తేల్చారు. కనుక ఆట సమయంలో జరిగే ప్రతి తగాదానూ ఫారంలో నమోదు చేయాలి. ఎవరు, ఎవరితో, దేని గురించి, ఎంతసేపు, రాజీ ఎన్ని నిమిషాల్లో, అన్నిటికీ గడులున్నాయి. కింద ఇరుపక్షాల సంతకాలు. సంతకం రాని చిన్నారుల చేత వేలిముద్ర వేయించవచ్చు. చేతులు కలుపుతున్న ఫోటో తప్పనిసరి.

మొదటి రెండు వారాలూ మేము నిజాయితీగానే ప్రయత్నించాం. మా పిల్లలు అందరూ రెండు వీధులవాళ్లు, సగం మంది వరసకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. తగాదా రావడం వస్తుంది. నేను బీరువా తెరిచి ఫారం తీసి ఇంకుప్యాడు వెతుక్కుని బయటికి వచ్చేసరికి అయిపోతుంది. "ఎవర్రా దెబ్బలాడుకుంది?" అంటే ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. రెండు వారాలూ రిపోర్టులో "తగాదాలు శూన్యం" అని రాసి పంపాను.

మెమో వచ్చింది. తగాదాలు శూన్యమైనందున మీ పాఠశాలలో ఆటలు జరుగుట లేదని ఏల భావించరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.

మా పిల్లలు స్వభావరీత్యా నెమ్మదస్తులని సంజాయిషీ రాశాను. జవాబు మర్నాడే వచ్చింది. "తగాదా లేనిదే రాజీ లేదు. రాజీ లేనిదే వికాసము లేదు. నెమ్మది అనునది వికాస లోపముగా పరిగణించబడును. ఇకపై వారమునకు కనీసము ఐదు తగాదాలు."

భ్రమరాంబ టీచరు ఆ కాగితం రెండుసార్లు చదివింది. "నేనన్నది ఇది కాదండి మాస్టారూ," అంది.

"తెలుసండి. కానీ ఆధారం మీరే."

ఆ మధ్యాహ్నం ఆవిడ తన పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టింది. ఇరవై రెండేళ్లుగా కొట్టుకోవద్దని చెప్పిన నోటితో ఈ మాట చెప్పడానికి కాస్త టైము పట్టింది. "ఒరేయ్, ఇయాళ మీరందరూ ఆడుకుంటా ఆడుకుంటా కాస్త... దెబ్బలాడుకోవాలి."

పిల్లలు అనుమానంగా చూశారు.

"దేని గురించండీ?" అనడిగాడు లోవకుమార్. రెండో తరగతి. ముందు పళ్లు రెండూ లేవు.

"దేని గురించైనా."

"ఎవళ్లతోనండీ?"

"నీకు ఎవళ్లంటే కోపం?"

వాడు బాగా ఆలోచించాడు. పక్కనే కూర్చున్న సత్యదీపికను సలహా అడిగాడు. ఆ పిల్ల కూడా ఆలోచించింది. సత్యదీపికా వాడూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండే ఇళ్లవాళ్లు. బడికి కలిసి వస్తారు, కలిసి పోతారు, అన్నం కంచాలు కూడా ఎదురెదురుగా పెట్టుకు తింటారు. చివరికి ఆ పిల్లే తేల్చింది. "నాతో పడరా. మళ్లీ మనం ఇంటికి కలిసెళ్లాలి కదా, తొందరగా అయిపోద్ది."

అలా మా బడిలో తగాదాలకు టైంటేబుల్ ఏర్పడింది. సోమవారం బంతి గురించి, మంగళవారం వరస గురించి, బుధవారం "మా అమ్మని ఏవన్నావు" గురించి. పిల్లలు ఫారం దగ్గర బుద్ధిగా నిలబడేవారు. వేలిముద్రలు వేసేటప్పుడు మాత్రం నిజంగానే నవ్వుకునేవారు. ఐదుకు ఐదు తగాదాలూ శుక్రవారానికల్లా పూర్తయ్యేవి.

జిల్లాలో మిగతావాళ్లు మాకన్నా చురుకైనవాళ్లు. మండల కేంద్రంలోని ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు. "మా ప్రత్యేకత: రోజుకు నలభై తగాదాలు. అనుభవజ్ఞులైన ఉపాధ్యాయుల పర్యవేక్షణలో." నాలుగు ఊళ్ల నుంచి పిల్లల్ని తెచ్చి చేర్పించారట. తల్లిదండ్రుల ఫోన్లకు ప్రతి నెలా మార్కులు పంపడం కూడా మొదలైంది. ఒకరోజు పొద్దున్నే లోవకుమార్ నానమ్మ అప్పయ్యమ్మ ఫోను పట్టుకుని గాభరాగా వచ్చింది. ఎవరి చేతో మెసేజీ చదివించుకుందట.

"మావోడు తగాదాల్లో వెనకబడ్డాడంటండి. ఇంటికాడ శుభ్రంగా దెబ్బలాడతాడండి బాబూ. మొన్న నా మీదకే చెంబు ఇసిరేడు. బడికొస్తే ఏవౌతుందో మరి. బిడియం అంటారా? పోనీ ఎక్కడన్నా ట్యూషన్ పెట్టించమంటారా?"

"అక్కర్లేదమ్మా, పుంజుకుంటాడు," అన్నాను నేను. భ్రమరాంబ టీచరు లోపలికి వెళ్లిపోయింది.

సెప్టెంబరులో త్రివిక్రమరావు గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. ఆలోచనకు మూలమైన బడి గనక చూడాలనిపించిందన్నారు. వెంట ఫోటోలు తీసే మనిషి ఉన్నాడు. లోవకుమార్, సత్యదీపిక వాళ్లకు వచ్చిన తగాదాల్లో మంచిది చేసి చూపించారు. "నా బంతి ఎందుకు తీసేవు?" "నీది కాదు, బడిది." "అయితే సరే." చేతులు కలిపేశారు. నలభై సెకన్లు.

ఆయన పెదవి విరిచారు. "ఇందులో భావోద్వేగం ఏది? ఇది కృత్రిమం. ఫలితాన్ని ప్రక్రియ మింగేసింది."

నాకు అర్థం కాలేదు గాని తల ఊపాను.

సత్యదీపిక గౌను జేబు ఉబ్బెత్తుగా ఉండడం ఆయన కంటబడింది. "ఏమిటమ్మా అది?" అన్నారు. ఆ పిల్ల సంబరంగా తీసి చూపించింది. కూల్‌డ్రింకు మూతలు. వాళ్లమ్మ సంత దగ్గర సోడాబండి నడుపుతుంది. రకరకాల రంగులవి ఏరి, రాయితో సాపు చేసి, కడిగి దాచుకున్నవి. ఎన్ని ఉన్నాయో బళ్లో అందరికీ తెలుసు, రోజూ లెక్కపెట్టి చెబుతుంది కనుక.

త్రివిక్రమరావు గారు వాటిని దోసిట్లో తీసుకున్నారు. మెచ్చుకుంటారనుకున్నాం. ఆయన అవన్నీ లోవకుమార్ చేతిలో పోశారు. "ఇవి ఇక నీవి బాబూ. ఉంచుకో."

సత్యదీపిక ఆయన్ని చూడలేదు. లోవకుమార్‌ని చూసింది. వాడు చేతులు రెండూ మూతలతో నిండిపోయి, అంత పెద్దాయన ఇచ్చినవి కింద పెట్టొచ్చో లేదో తెలియక నిలబడిపోయాడు. ఆ పిల్ల మొహం మెల్లగా మారింది. ఏడుపు వచ్చింది. అది మా టైంటేబుల్ ఏడుపు కాదు.

"అద్భుతం," అన్నారు త్రివిక్రమరావు గారు. "ఫోటో తియ్యవయ్యా. సహజమైన భావోద్వేగం. ఇక రాజీ. తొంభై సెకన్లు."

తొంభై సెకన్లు గడిచాయి. పావుగంట గడిచింది. లోవకుమార్ మూతలు తిరిగి ఇవ్వబోయాడు. తీసుకోలేదు. జేబులో పెట్టబోయాడు. నెట్టేసింది. "నీయే కదా, నువ్వే ఉంచుకో. వద్దని ఎందుకు అన్లేదు?" అంది. వాడికి ఎక్కిళ్లు వచ్చాయి. మధ్యాహ్నం భోజనం దాకా చూసి, ఫారంలో "పెండింగ్" అని రాసుకుని త్రివిక్రమరావు గారు జీపెక్కారు.

సాయంత్రం ఆ ఇద్దరూ ఇంటికి విడివిడిగా వెళ్లారు. ముందు వాడు, వాడు మలుపు తిరిగేదాకా ఆగి ఆ పిల్ల. భ్రమరాంబ టీచరు గేటు దగ్గర నిలబడి చూసింది. "ఆ మూతలు నేనెందుకు లాక్కోలేదండి ఆయన చేతిలోంచి?" అంది. నేనెందుకు లాక్కోలేదో కూడా నాకు తెలియదు.

మర్నాటి నుంచి జిల్లా నుంచి ఫోన్లు. "కలిశారా?" "ఇంకా లేదండి." మొత్తం పద్దెనిమిది వేల తగాదాల్లో పెండింగ్‌లో ఉన్నవి పదిహేనేనట. అవి తేలితే తప్ప జిల్లాకు నూటికి నూరు రాదట. పదిరోజులపాటు పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి అడిగారు. ప్రతిసారీ ఆ ఇద్దర్నీ పిలిచి చేతులు కలపమనడం, ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకోవడం. అన్నం దగ్గర వాడు కంచం జరుపుకుంటూ వస్తే ఆ పిల్ల లేచిపోయేది. నాలుగో రోజు నుంచి వాడు జరపడం మానేశాడు. అడిగినకొద్దీ ఆ పిల్ల ఇంకా బిగుసుకుంటోందని భ్రమరాంబ టీచరు ఫోనులో చెప్పింది. "అభిప్రాయ సేకరణ దశ ముగిసిందమ్మా," అన్నారు అవతలి నుంచి.

చివరికి మండల కేంద్రంలో రాజీ మేళా పెట్టారు. పెండింగ్ తగాదాలున్న ముప్పై మంది పిల్లల్నీ వేదిక మీద ముఖ్య అతిథి సమక్షంలో జంటలు జంటలుగా కలుపుతారు. మా వాళ్లిద్దరినీ ఆటోలో తీసుకువెళ్లాం. మధ్యలో భ్రమరాంబ టీచరు కూర్చుంది. దారంతా ఇద్దరూ చెరో పక్కా బయటికి చూశారు.

పది గంటలకని చెప్పిన ముఖ్య అతిథి పన్నెండున్నరకు గాని రాలేదు. ఆలోగా పెద్దలందరికీ పనే. దండలు తడపాలి, మైకు పని చేయడం లేదు, ఫ్లెక్సీలో "రాజీ" అనేది "రాణీ" అని పడింది. దాన్ని సరిచేయడానికి త్రివిక్రమరావు గారు స్టూలెక్కారు. టీచర్లందరినీ లోపలికి పిలిచి కుర్చీలు సర్దించారు. పిల్లల్ని వెనక వరండాలో కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి తలుపు చేరవేశారు. వాళ్ల దగ్గర ఎవరూ లేరు. అక్కడ ఉన్నవి మిగిలిన ప్లాస్టిక్ కుర్చీలు, ఒక షామియానా పక్కగుడ్డ, అంతే.

ముఖ్య అతిథి కారు దిగారని కబురు రాగానే తలుపు తీశాం.

వరండాలో బస్సు నడుస్తోంది. కుర్చీలు రెండు వరసలుగా వేశారు. పైన షామియానా గుడ్డ కప్పు. ఒక మూల కిటికీ ఊచకు కట్టి ఉంది, ఇంకో మూల తలుపు గడియకు. ముప్పై మందీ కిక్కిరిసి ఉన్నారు. లోవకుమార్ కండక్టరు. వాడి జేబులోంచి కూల్‌డ్రింకు మూతలు తీసి టిక్కెట్లు ఇస్తున్నది సత్యదీపిక. "అన్నారం ఎవళ్లండీ దిగాలి? తొందరగా దిగండి, లేటైపోతంది," అని వాడు అరుస్తుంటే ఆ పిల్ల, "ఒరేయ్, ఈవిడికి చిల్లర ఇవ్వలేదు," అని వాడి చొక్కా పట్టి లాగుతోంది.

భ్రమరాంబ టీచరు గడప దగ్గరే ఆగిపోయింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

త్రివిక్రమరావు గారు జాబితా తీసి పేర్లు పిలిచారు. ఎవరు ఎవరి తాలూకు పెండింగో తెలియలేదు. "నువ్వు ఎవరితో తగాదా పడ్డావు బాబూ?" అంటే ఒకడు ముందు కుర్చీలో బస్సు నడుపుతున్న డ్రైవరును చూపించాడు. డ్రైవరు వేరే ఊరివాడు. ఇందాకే పరిచయమట.

ఆయన మొహం పాలిపోయింది. "ఇది ఎవరి అనుమతితో జరిగింది? అతిథి గారు వేదిక మీద ఉన్నారు. వారి చేతుల మీదుగా జరగవలసిన రాజీ ఇక్కడ వరండాలో జరిగిపోతే నేను వారికి ఏం చూపించను?" గడియారం చూసుకుని పిల్లల వైపు తిరిగారు. "అందరూ వినండి. మీకు ఐదు నిమిషాలు ఇస్తున్నాను. మళ్లీ తగాదా పడండి. లోపలికి వచ్చాక కలుద్దురుగాని."

పిల్లలు మా మొహాలు చూశారు. ఆయన వంగి, సత్యదీపిక చేతిలోని మూతల కోసం చెయ్యి చాపారు.

భ్రమరాంబ టీచరు మధ్యలోకి వచ్చింది. "ఇక పడరండి," అంది. గొంతు పెద్దది చేయలేదు. "మా పిల్లలు ఇంటికెళ్లిపోతారండి. మాస్టారూ, ఆటోని పిలవండి."

"అమ్మా, మీరు ప్రభుత్వ కార్యక్రమమునకు ఆటంకము కల్పిస్తున్నారు."

"ఆయ్. కల్పిస్తున్నానండి."

నేను ఆటోని పిలిచాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచిపని అదొక్కటే. తిరుగు దారిలో ఆ ఇద్దరూ మధ్యలో కూర్చున్నారు. మేము చెరో పక్కా వేలాడుతూ వచ్చాం.

వారం తిరక్కుండా భ్రమరాంబ టీచరు మీద విచారణ వేశారు. అభియోగం "అనధికార రాజీ". విచారణాధికారి నిదానమైన మనిషి. మా బడికి వచ్చి, రాజీ ఏ విధముగా జరిగెనో వివరింపుమన్నారు.

"నాకు తెలీదండి," అంది ఆవిడ. "నేనక్కడ లేను."

"పర్యవేక్షించలేదా?"

"లేదండి. కుర్చీలు సర్దుతున్నాం."

ఆయన సత్యదీపికను పిలిపించారు. బిస్కెట్టు ఇచ్చి, ఎందుకు రాజీపడ్డావో చెప్పమన్నారు. ఆ పిల్లకు ఆ మాట అర్థం కాలేదు. "లోవకుమార్‌తో మళ్లీ ఎందుకు మాట్లాడేవమ్మా?" అని అడిగారు.

"గుడ్డ కట్టాలి కదండీ పైన. నాకు అందలేదండి. ఆడు వొంగున్నాడండి. ఎక్కి కట్టేనండి."

"తరవాత?"

"తరవాత బస్సు ఎల్లిందండి."

ఆయన కొంతసేపు ఆలోచించి, కారణం అన్న గడిలో "ఎత్తు చాలకపోవుట" అని రాసి, ఆ పిల్ల వేలిముద్ర తీసుకుని వెళ్లారు. భ్రమరాంబ టీచరుకు ఆ కేసులో మందలింపుతో సరిపెట్టారు. సర్వీసు పుస్తకంలో ఎర్రసిరాతో రాశారు. ఆవిడ చదివి సంతకం పెట్టింది.

డిసెంబరులో కొత్త ఉత్తర్వు వచ్చింది. తగాదాల ఫారాలు రద్దు. "విచారణలో వెలుగుచూసిన అంశముల ఆధారముగా" పాఠశాలలో పిల్లలకు అవసరమగు వస్తువులన్నియు, అనగా మంచినీళ్ల గ్లాసులు, బంతులు, పలకలు, చాక్‌పీసులు మొదలగునవి, ఏ ఒక్క విద్యార్థికీ ఒంటరిగా అందని ఎత్తున ఉంచవలెను. తద్వారా సహకార భావము పెంపొందును. వాటిని దించుటకు ఎవరు ఎవరి వీపు ఎక్కినదీ, ఎంత సమయము పట్టినదీ ఉపాధ్యాయులు స్వయముగా గమనించి ప్రతిదినము నమోదు చేయవలెను.

నేను స్టూలెక్కి మేకులు కొట్టాను. గ్లాసులు గోడ మీదికి వెళ్లాయి. బంతి బీరువా పైకి వెళ్లింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక వరండాలో గోల మొదలైంది. ఎవరో వంగినట్టున్నారు, ఎవరో ఎక్కినట్టున్నారు, ఎవరో జారి ధభీమని పడి పెద్దగా నవ్వారు. నేను ఫారం, కలం, గడియారం పట్టుకుని లేచాను.

భ్రమరాంబ టీచరు తన కుర్చీని కిటికీకి వీపు వచ్చేలా తిప్పి కూర్చుంది. నోటుబుక్కులు దిద్దడం మొదలుపెట్టింది. బయట గ్లాసులు గలగలా కిందపడ్డాయి. ఆవిడ తలెత్తలేదు.

"మీరూ ఇటు తిరిగి కూర్చోండి మాస్టారూ," అంది.